ఆంగ్ల ధనసూత్రాలకు ‘కర్త్రన్వేషిణి’ అను వ్యాఖ్య

అవతారిక

శాస్త్రగ్రంథం మొదలుపెట్టేముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పాలని పెద్దల నియమం. విషయం: డబ్బున్నవాణ్ణి గురించీ, వాడికి డబ్బు వచ్చిన విధం గురించీ ఇంగ్లీషువాళ్లు, అమెరికావాళ్లు చెప్పుకొనే నుడికారాలు. ప్రయోజనం: బ్యాంకు పరీక్షలో ఒక మార్కు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలో రెండు మార్కులు. సంబంధం: చదివేవాడికీ ధనానికీ ప్రస్తుతానికి ఏదీ లేదు. అధికారి, అనగా ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: నెలలో ఇరవయ్యో తారీకు దాటాక ఖాతాలో నిల్వ చూసుకోవడం మానేసినవాడు.

ఈ సూత్రాలకు ఇదివరకే రెండు వ్యాఖ్యా సంప్రదాయాలున్నాయి. బ్యాంకు కోచింగుకు పేరుపడ్డ నంద్యాలది ఒకటి, హైదరాబాదు అశోక్‌నగర్‌ది రెండోది. రెండూ సంక్షేపాన్ని ప్రేమించేవే. సూత్రం ఏదైనా ‘బాగా డబ్బున్నవాడు’ అనో, ‘అకస్మాత్తుగా డబ్బు వచ్చినవాడు’ అనో ఒక్క ముక్కలో తేల్చి, ఇచ్చిన గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టించి పంపేస్తాయి. అందువల్ల విద్యార్థి ఉత్తీర్ణుడవుతాడు గాని సూత్రం సందేహంలోనే మిగిలిపోతుంది. మెదకు సీమలోని కొలచెలమ వంశంవాడు మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగానికి మాత్రమే కట్టుబడతాడు.

వాక్యం కనబడగానే వ్యాకరణం చదివినవాడు అడిగే ప్రశ్న ఒకటుంది: పని ఎవరు చేశారు? చేసినవాడు కర్త. పుచ్చుకున్నవాడు సంప్రదానం. ఎవరి దగ్గర నుంచి విడిపోయి వచ్చిందో అది అపాదానం. ధనసూత్రాల్లో ఈ ముగ్గురూ ఎక్కడెక్కడ కూర్చున్నారో వెతకడమే ఈ వ్యాఖ్య పని. పేరు పలకడానికి నోరు తిరగకపోతే ‘ఎవడ్రా చేసింది’ వ్యాఖ్య అనుకోవచ్చు.

సూత్రం 1: బార్న్ విత్ ఎ సిల్వర్ స్పూన్ ఇన్ హిజ్ మౌత్

ప్రతిపదార్థం: హిజ్ = తనదైన; మౌత్ ఇన్ = నోటియందు; సిల్వర్ = వెండిదైన; స్పూన్ విత్ = చెంచాతో కూడ; బార్న్ = పుట్టినవాడు.

శంక: బిడ్డ చెంచాతో పుట్టడం లోకవిరుద్ధం. ఏ మంత్రసానీ ఒప్పుకోదు.

సమాధానం: ఇక్కడ జరిగింది కాలవ్యత్యయం. చెంచా కాన్పు నాడు రాలేదు, బాప్తిస్మం నాడు వచ్చింది. ట్యూడర్, స్టూవర్ట్ రాజుల కాలంలో ఇంగ్లండులో జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి బిడ్డకు వెండి చెంచా చదివించేవారు. పిడి చివర ఏసుక్రీస్తు శిష్యుల్లో ఒకరి బొమ్మ ఉండేది. బాగా కలిగినవారు పన్నెండుమంది శిష్యుల చెంచాలూ ఇచ్చేవారు, ఇంకా కలిగినవారు క్రీస్తును కూడా చేర్చి పదమూడు చేసేవారు. అంతంతమాత్రం వారు ఒక్క శిష్యుడితో సరిపెట్టేవారు. మామూలు ఇళ్లలో తిండికి కొయ్య చెంచాలు, కొమ్ముతో చేసినవి, తగరం కలిసినవి వాడేవారు.

విశేషం: మన వైపు అమ్మమ్మగారింటి నుంచి వచ్చే వెండి ఉగ్గుగిన్నెది కూడా ఇదే శాఖ. ఇంగ్లండులో నాణెమైన వెండి అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, తక్కిన 75 పాళ్లూ చాలావరకు రాగి. అచ్చ వెండి మెత్తన కాబట్టి చెంచా వంగిపోతుంది, అందుకని ఈ కలపడం. కనుక ఎంతటి ప్రభువు బిడ్డ నోట్లోనైనా వెయ్యింట 75 పాళ్లు మనబోటి లోహమే.

కర్తృనిర్ణయం: కొన్నవాడు జ్ఞానతండ్రి, కొట్టి మలిచినవాడు కంసాలి. బిడ్డ చేసింది నోరు తెరవడం. కాబట్టి బిడ్డ సంప్రదానం.

సూత్రం 2: యాజ్ రిచ్ యాజ్ క్రీసస్

అలంకారం: పూర్ణోపమ. ఉపమానం క్రీసస్ మహారాజు. ఉపమేయం ఎదురింటాయన. సమానధర్మం ధనం. ఉపమావాచకం ‘యాజ్’. అది రెండుసార్లు వచ్చినా పునరుక్తి కాదు, ఆ భాష తీరే అంత.

విశేషం: క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దిలో, నేటి టర్కీకి పడమటి అంచున, లిడియా అనే రాజ్యం ఉండేది. రాజధాని సార్డిస్. ఊళ్లోంచి పాక్టోలస్ అనే ఏరు బంగారు రజను తెచ్చేది. లోకంలో మొట్టమొదట నాణేలు కొట్టినవారిలో లిడియావాళ్లొకరు. బంగారానికి వేరుగా, వెండికి వేరుగా నాణేలు వేయించిన కీర్తి క్రీసస్‌కే ఇస్తారు. ఏటికి బంగారం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే దానికో గ్రీకు పురాణం ఉంది. ముట్టుకున్నదల్లా బంగారం కావాలని వరం పుచ్చుకున్న మైడాస్, చేతిలో అన్నం కూడా బంగారమైపోయేసరికి ఆకలికి తాళలేక, వరం వదిలించుకోవడానికి ఆ ఏట్లోనే మునిగాడట. భస్మాసురుడి గోత్రంవాడే ఈయన కూడాను. ‘మైడాస్ టచ్’ అని వ్యాపారుల్ని పొగిడేవారు కథలో సగం దాకానే చదివారని అర్థం.

క్రీసస్ సంగతి చరిత్రకారుడు హెరొడోటస్ రాసిపెట్టాడు. పారసీకుల మీదికి దండెత్తనా అని డెల్ఫీ దేవళంలో అడిగిస్తే, దండెత్తితే ఒక గొప్ప సామ్రాజ్యం కూలుతుందని వాక్కు వచ్చింది. దండెత్తాడు. వాక్కు ప్రకారమే కూలింది. అయితే కూలింది తనది. సుమారు క్రీ.పూ. 546లో సార్డిస్ పారసీక రాజు సైరస్ పాలైంది.

తాత్పర్యం: ఎవరినైనా క్రీసస్‌తో పోల్చేటప్పుడు ఏ సంవత్సరపు క్రీసస్సో కూడా చెప్పడం మర్యాద.

కర్తృనిర్ణయం: తెచ్చింది ఏరు. నీళ్లలో దిగి రజను ఏరినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. రాజు ఒడ్డున ఉన్నాడు.

సూత్రం 3: స్ట్రైక్ ఇట్ రిచ్

ఇది ఈ శాస్త్రానికి గుండెకాయ కనుక కొంచెం నిలిచి చూద్దాం.

ప్రతిపదార్థం: స్ట్రైక్ = కొట్టి; ఇట్ = దానిని; రిచ్ = ధనవంతుడగుట.

శంక: సర్వనామం వచ్చిందంటే దానికి ముందు ఒక నామం ఉండాలి. ఇక్కడ ‘దానిని’ అంటే దేనిని?

సమాధానం: డబ్బు ప్రస్తావనలో ‘అది’ అంటే ఏదో అన్ని దేశాలవారికీ చెప్పకుండానే తెలుసు. కాబట్టి దోషం లేదు. ‘కొట్టాడ్రా!’ అని మనం అన్నప్పుడు కూడా కర్మను ఎవరూ అడగరు.

చారిత్రకం: 1848 జనవరి 24. కాలిఫోర్నియాలో అమెరికన్ నది ఒడ్డున కొలోమా అనే చోటు. స్విట్జర్లండు నుంచి వచ్చిన జాన్ సట్టర్ అక్కడ రంపపు మిల్లు కట్టిస్తున్నాడు. మిల్లు కాలవలో నీళ్లు ఎలా పారుతున్నాయో చూడబోయిన జేమ్స్ మార్షల్ అనే వడ్రంగికి పచ్చటి రేకులు కనబడ్డాయి. సరిగ్గా తొమ్మిదో నాడు, ఫిబ్రవరి 2న, యుద్ధంలో ఓడిన మెక్సికో ఆ సీమంతటినీ ఒడంబడిక మీద అమెరికాకు రాసిచ్చింది. సంతకాలు చేసినవారెవరికీ కాలవ సంగతి తెలియదు.

తెలిసినవాడు ఒకడున్నాడు. పేరు శామ్యూల్ బ్రానన్. సట్టర్ కోట దగ్గర అతనికో అంగడి ఉంది. దొరికినన్ని పారలు, పలుగులు, పళ్లేలు ముందు కొని పెట్టుకున్నాడు. ఆ మేలో బంగారు రజను నింపిన సీసా పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ‘అమెరికన్ నదిలో బంగారం’ అని కేకలేస్తూ తిరిగాడు. ఊరు ఊరంతా పారలకోసం బయల్దేరింది. డిసెంబరులో దేశాధ్యక్షుడు పోల్క్ స్వయంగా బంగారం ఉన్నమాట నిజమేనన్నాడు. కొద్ది ఏళ్లలో సుమారు 3,00,000 మంది దిగారు. 1853లో వచ్చిన లీవై స్ట్రాస్ బట్టల కొట్టు పెట్టాడు. ఇరవై ఏళ్లకు, 1873లో, జేకబ్ డేవిస్ అనే దర్జీతో కలిసి, జేబుల మూలల్లో రాగి రివిట్లు బిగించిన పంట్లాముకు పేటెంటు పుచ్చుకున్నాడు. అదే నేటి జీన్స్‌కు మూలపురుషుడు.

అంగసూత్రం: పాన్ ఔట్. పాన్ = పళ్లెం; ఔట్ = బయటపడుట. బంగారం బరువు అంతే నీటి బరువుకు 19 రెట్లు పైచిలుకు, ఇసుకది రెండున్నర రెట్లు చిల్లర. పళ్లెంలో ఏటి ఇసుక, నీళ్లు పోసి తిప్పితే తేలికైన ఇసుక అంచు దాటిపోతుంది, బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. ఈ పని మంచు కరిగి వచ్చిన నీళ్లలో నడుం వంచి పొద్దస్తమానం చేయాలి. అదే అమెరికన్ నది ఒడ్డున ఫాల్సమ్ ఊళ్లో ఇవాళ మనవాళ్లు చిప్పుల కంపెనీల్లో పనిచేస్తున్నారు. అక్కడి మీటింగులో ‘ప్రాజెక్టు పాన్ ఔట్ కాలేదు’ అని మేనేజరు అన్నప్పుడు, పళ్లెం ఆయన చేతిలో ఉంటుంది, వంగిన నడుం మరొకరిది.

అన్వయక్లేశం: ‘స్ట్రైక్’ క్రియకు కర్త ఎవరు? కొట్టినవాడు మార్షల్. అతను 1885లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. నేల సొంతదారు సట్టర్. అతని పొలాల మీద జనం పడి పశువుల్ని కోసుకు తిన్నారు. పరిహారం కోసం వాషింగ్టన్ చుట్టూ తిరుగుతూ 1880లో పోయాడు. మరి ‘రిచ్’ అనే విశేషణం ఎవరిది? పారలమ్మిన బ్రానన్‌ది. కాలిఫోర్నియాలో మొదటి లక్షాధికారి కాదు, మొదటి మిలియనీరు అని అతన్నే అంటారు. అతను కొట్టలేదు. అంటే క్రియ ఒకడిది, విశేషణం మరొకడిది. ఒకే వాక్యంలో ఉన్నా సామానాధికరణ్యం కుదరదు. ఇటువంటి వాక్యాన్ని పదో తరగతి పిల్లాడు రాస్తే పంతులుగారు సున్నా వేస్తారు. (ఆ బ్రానన్ సొమ్ము విడాకులకూ తాగుడుకూ పోగా, 1889లో అతనూ బీదగానే పోయాడు. అది వేరే సూత్రం కిందికి వస్తుంది.)

అపాదానం: ఇక్కడ అపాదానాన్ని దాటిపోరాదు. 1850లో పరదేశి గనికార్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు. నిన్నటిదాకా ఆ నేల తమదైన మెక్సికన్లు ఆ పన్ను కట్టవలసిన పరదేశులయ్యారు. అంతకు ముందు నుంచీ అక్కడే ఉన్న మూలవాసులు 1846లో సుమారు 1,50,000 మంది. రోగాలు, ఆకలి, వేట కలిసి 1870 నాటికి వాళ్లను సుమారు 30,000కు దించాయి. సూత్రంలో వాళ్లకు అక్షరం కూడా లేదు. వ్యాఖ్య ఉన్నది ఇలాంటి చోటికే.

సూత్రం 4: హిట్ ది జాక్‌పాట్

పదవిభాగం: జాక్ + పాట్. జాక్ = పేకలో జాకీ; పాట్ = కుండ. జాకీ కుండ అని విగ్రహం.

నంద్యాల సంప్రదాయం: ‘అనుకోని పెద్ద లాభం’. అశోక్‌నగర్ సంప్రదాయం: ‘పెద్ద లాభం, అనుకోనిది’. ఈ భేదాన్ని గురించి వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు.

మా వ్యాఖ్య: ఇది పందొమ్మిదో శతాబ్ది అమెరికా పోకర్ ఆటలోంచి వచ్చింది. ముక్కలు పంచకముందే అందరూ తలా కొంత కుండలో వేస్తారు. చేతిలో కనీసం రెండు జాకీల జత పడనిదే ఎవరూ ఆట తెరవరాదు. ఎవరికీ పడకపోతే ముక్కలు కలిపి మళ్లీ పంచుతారు. మళ్లీ తలా కొంత. ఇలా ఎన్ని పంపకాలు వృథా అయితే కుండ అంత నిండుతుంది. కాబట్టి జాక్‌పాట్ అనగా, ఆట మొదలుకాకముందే నలుగురి జేబుల్లోంచి ఒకచోట పోగైన సొమ్ము.

తరువాత ఈ మాట మీట లాగే మిషన్లకు ఎక్కింది. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్కు ‘లిబర్టీ బెల్’ అనే మిషను చేశాడు. ఐదు సెంట్ల నాణెం వేసి మీట లాగితే మూడు చక్రాలు తిరుగుతాయి. మూడింట్లోనూ గంట బొమ్మ నిలిస్తే పది నాణేలు, అంటే 50 సెంట్లు. లోకాన్ని ఊపేసిన జాక్‌పాట్ ఆదిలో అర డాలరు!

విశేషం: మన పేకాటరాయుళ్లు ఈ శాస్త్రాన్ని ఫోనులోకి దించగా, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం చేసి ఆపాయి. 2025లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ప్రకటనల్లో కనబడ్డది కుండ ఎత్తుకుపోయిన ఒక్కడి నవ్వుముఖం. నింపినవారిని కెమెరా ముందుకు ఎవరూ పిలవలేదు.

కర్తృనిర్ణయం: నింపినవారు కర్తలు, బహువచనం. కొట్టినవాడు సంప్రదానం, ఏకవచనం. కుండ పెట్టినవాడు ఏ కారకమూ కాకుండా ప్రతి పంపకంలోనూ తన వాటా తీసుకుంటాడు. వాణ్ణి అవ్యయం అనవచ్చు: లింగ, వచన, విభక్తులు మారినా వాడికి మార్పు లేదు.

సూత్రం 5: బ్రేక్ ది బ్యాంక్

అలంకారం: అతిశయోక్తి.

విశేషం: మాంటీ కార్లో జూదశాలలో ఒక బల్ల దగ్గర ఆ పూటకు ఉంచిన నగదు అయిపోతే బల్ల మీద నల్లగుడ్డ కప్పేవారు. లోపల్నుంచి డబ్బు వచ్చాక గుడ్డ తీసి మళ్లీ ఆడించేవారు. ‘బ్యాంకు బద్దలవడం’ అంటే ఇంతే. 1891లో చార్లెస్ వెల్స్ అనే ఇంగ్లీషువాడు అక్కడ పలుమార్లు నల్లగుడ్డ కప్పించాడు. అతని మీద లండన్లో పాట కూడా పుట్టింది. 1893లో ఆ పెద్దమనిషికే, పనికిరాని పేటెంట్లు చూపించి జనం దగ్గర డబ్బు గుంజినందుకు, ఎనిమిదేళ్ల శిక్ష పడింది.

గణితం: అక్కడి చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక సున్నా, మొత్తం 37 గళ్లు. చెప్పిన అంకె పడితే ఇచ్చేది ఒకటికి 35. లెక్క కడితే పందెం కాసిన ప్రతి వందలోనూ సగటున 2.70 బల్లకే మిగులుతుంది. నల్లగుడ్డ కప్పిన నాడూ, కప్పని నాడూ లెక్క ఇదే.

కర్తృనిర్ణయం: చక్రం. ఆ సున్నా గడి దాని జీతం.

సూత్రం 6: నెస్ట్ ఎగ్

ప్రతిపదార్థం: నెస్ట్ = గూటిలోని; ఎగ్ = గుడ్డు. ముసలితనానికి దాచుకున్న సొమ్మని రూఢి.

అలంకారం: భ్రాంతిమంతం. గూట్లో ఒక గుడ్డు కనబడితే కోడి వచ్చి అక్కడే పెడుతుంది. అందుకని కోళ్లు పెంచేవారు పింగాణీతో చేసిన గుడ్డొకటి గూట్లో ఉంచేవారు. కోడి దాన్ని నిజమనుకుంటుంది. ఆ పింగాణీ గుడ్డే మూలంలోని ‘నెస్ట్ ఎగ్’.

విశేషం: మూలవేతనంలో నెలనెలా 12 శాతం భవిష్యనిధికి కోయించుకునే ఉద్యోగి ఈ సూత్రం చదివినప్పుడు, తాను గుడ్డు దాచినవాడా, గుడ్డు చూసి పెట్టేవాడా అని కాస్త ఆలోచించుకోవాలి.

కర్తృనిర్ణయం: కోడి. ‘క్యాష్ కౌ’ సూత్రం కూడా ఇంతే. 1970 ప్రాంతంలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ వారు కంపెనీ వ్యాపారాలను నక్షత్రాలు, ప్రశ్నార్థకాలు, ఆవులు, కుక్కలు అని నాలుగు గళ్లలో కట్టేశారు. ఆవు గడిలోని వ్యాపారాన్ని పిండి ఆ పాలతో తక్కినవాటిని పెంచమన్నారు. కర్త ఆవు. వేరే చెప్పేదేమీ లేదు.

సూత్రం 7: బ్రింగ్ హోమ్ ది బేకన్

పూర్వపక్షం: ఇక్కడ ఒక వాది లేచి ఇలా అంటాడు: ‘నువ్వు ఏరి తెచ్చిన సూత్రాలన్నీ సోమరివే. బ్రింగ్ = తెచ్చుట. హోమ్ = ఇంటికి. ఇందులో కర్త తానే మోసుకొస్తున్నాడు కదా! నీ వ్యాఖ్య ఇక్కడితో సరి.’

విచారణ: వాదికి నమస్కారం. 1906 సెప్టెంబరు 3న నెవాడా ఎడారిలో గోల్డ్‌ఫీల్డ్ అనే బంగారు గనుల ఊళ్లో ముష్టియుద్ధం జరిగింది. గనులకు పేరు తేవాలని టెక్స్ రికర్డ్ అనే సారాకొట్టు యజమాని ఏర్పాటు చేసిన పందెమది. ఒకవైపు నల్లజాతి ఛాంపియన్ జో గాన్స్. మరోవైపు సవాలు విసిరిన బ్యాట్లింగ్ నెల్సన్. పంది మాంసం ఇంటికి తెమ్మని గాన్స్‌కు తల్లి తంతి కొట్టిందని పత్రికలు అచ్చేశాయి. ఆ వార్తతో నుడి దేశమంతా పాకింది. ఎండలో 42 రౌండ్లు పోరాడాక, నెల్సన్ నడుం కింద కొట్టి తప్పు చేసినందున గాన్స్ గెలిచాడు. ఛాంపియను అతనే, గెలిచిందీ అతనే. అయినా ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం అతనికి దక్కింది నెల్సన్‌కు దక్కినదాంట్లో సుమారు సగం. నాలుగేళ్లకు, 1910లో, క్షయతో పోయాడు.

సమాధానం: కర్త ఉన్నాడు, ఒప్పుకుంటున్నాం. కాని వాది ఫలం వైపు చూడలేదు. ఈ సూత్రానికి రెండు సంప్రదాయాలూ ఇచ్చే అర్థం ‘ఇల్లు గడిచేంత సంపాదించడం’. రిచ్ అనే మాట ఇందులో లేదు. దీన్ని ధనసూత్రాల్లో చేర్చినవారు పొరపాటున చేర్చారు. ఇది అన్నసూత్రం.

సూత్రం 8: ఫ్రమ్ రాగ్స్ టు రిచెస్

పంచమీ విభక్తితో మొదలై గమ్యంతో ముగుస్తుంది. మధ్యలో క్రియ లేదు. వెళ్లాడా, తీసుకెళ్లారా, ఎవరైనా తోశారా? సూత్రకారుడు మౌనం.

విశేషం: ఈ నుడికి ప్రాణం పోసినవి హొరేషియో ఆల్జర్ నవలలని ప్రతీతి. 1868లో పుస్తకంగా వచ్చిన ‘రాగెడ్ డిక్’ వాటిలో పేరుమోసింది. అందులో న్యూయార్కు వీధుల్లో బూట్లు తుడిచే కుర్రాడు పాత అలవాట్లు మాని, రాత్రిళ్లు చదువుకుని, పైసా పైసా కూడబెడతాడు. చివరికి వాడి దశ తిరిగింది చదువుతో కాదు. పడవ మీంచి నీళ్లలో పడ్డ ఒక చిన్నబిడ్డను దూకి కాపాడితే, ఆ తండ్రి కృతజ్ఞతతో గుమాస్తా ఉద్యోగం ఇచ్చాడు. జీతం వారానికి పది డాలర్లు. అది ‘రిచెస్’ కాదు, ఇస్త్రీ చొక్కా.

తాత్పర్యం: చదివినందుకు చదువు వచ్చింది, దాచినందుకు దాచినంత మిగిలింది. దశ తిరగడానికి మాత్రం ఒక ధనవంతుడి బిడ్డ సమయానికి నీళ్లలో పడాలి.

సూత్రం 9: పుల్ యువర్‌సెల్ఫ్ అప్ బై యువర్ బూట్‌స్ట్రాప్స్

ప్రతిపదార్థం: యువర్ బూట్‌స్ట్రాప్స్ బై = నీ బూట్ల వెనకనుండు పట్టీలచేత; యువర్‌సెల్ఫ్ = నిన్ను నీవే; అప్ = పైకి; పుల్ = లాగుకొనుము.

ఇదొక్కటే ధనమార్గంలో కర్త, కర్మ రెండూ తానే అయిన సూత్రం. పరాధీనత లేదు, నదీ కోడీ కుండా అక్కర్లేదు. పూర్వపక్షి దీన్ని పట్టుకునే నిలబడతాడు. ‘సొంత కష్టంతో, ఎవరి సాయమూ లేకుండా పైకి రావడం’ అని రెండు సంప్రదాయాలూ ఏకగ్రీవంగా చెబుతున్నాయి.

పరిశీలన: 1834లో అమెరికాలో ఒకాయన, దానంతటదే ఎప్పటికీ ఆడుతూ ఉండే యంత్రం కనిపెట్టానన్నాడు. అయితే ఇక నీ బూటు పట్టీలు నువ్వే పట్టుకుని నదిని దాటేస్తావన్నమాట అని పత్రిక ఒకటి ఎద్దేవా చేసింది. ఈ నుడి అచ్చులో కనబడిన తొలి చోట్లలో అదొకటి. 1888 నాటి అమెరికా భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలో, మనిషి తన బూటు పట్టీలు లాగి తనను తాను ఎందుకు ఎత్తుకోలేడు అనేది అభ్యాసాల్లో ఒక ప్రశ్న. జవాబు న్యూటన్ మూడో సూత్రంలో ఉంది: చేయి పట్టీని ఎంత బలంతో పైకి లాగితే పట్టీ చేతిని అంత బలంతోనే కిందికి లాగుతుంది. మొత్తం మీద శరీరం ఉన్నచోటే ఉంటుంది, పట్టీ మాత్రం తెగుతుంది.

అంటే ఈ సూత్రం పుట్టుకలో అసాధ్యానికి ఉదాహరణ. కుందేటికొమ్ము, గగనకుసుమాల జట్టులోది. ఇరవయ్యో శతాబ్దిలో ఎవరో వెటకారాన్ని తీసేసి సలహాగా మార్చారు. మన సాఫ్ట్‌వేరు సోదరులు రోజూ కంప్యూటరును ‘బూట్’ చేసేదీ ఈ మాటతోనే. అయితే అక్కడ కూడా యంత్రం తనను తాను లేపుకోదు. మొదటి నాలుగు ఆదేశాలూ దాంట్లో ఎవరో ముందే రాసి ఉంచుతారు.

సిద్ధాంతం

తొమ్మిది సూత్రాల మీదా ఒకే నియమం నిలబడుతోంది. కర్త పనిచేసిన చోట ఫలం భోజనం. ఫలం ధనమైన చోట కర్త వేరొకరు. కర్తా తానే, ఫలమూ ధనమే అని చెప్పిన ఒకే ఒక్క సూత్రం ఎగతాళిగా పుట్టింది. అందువల్ల వ్యాకరణరీత్యా ధనవంతుడు సంప్రదానకారకం.

శంక: ఇది పరాయి భాష దోషం కావచ్చు. మన భాష ఇలా ఉండదు కదా?

సమాధానం: ‘నక్కతోక తొక్కాడు’ అంటాం. తొక్కింది వాడే, కాని అదృష్టం తెచ్చింది తోక. ‘లక్ష్మి తలుపు తట్టింది’ అంటాం. కర్త లక్ష్మి. ‘వాడికి కలిసొచ్చింది’ అంటాం. ఏం కలిసింది, ఎక్కణ్ణుంచి వచ్చింది అనేది అడిగితే గొడవలొస్తాయి. వాడు ‘వాడికి’ దగ్గరే ఆగిపోయాడు, ‘వాడు’ కాలేదు. ‘కష్టపడి పైకొచ్చాడు’ అనే వాక్యం మనకూ ఉంది. కాని అది ప్రథమ పురుషలో కంటె ఉత్తమ పురుషలో, అందులోనూ సన్మానసభల్లో, ఎక్కువగా వినబడుతుంది.

శంక: అయితే నుడికారాలు మనల్ని మోసం చేస్తున్నాయా?

సమాధానం: లేదు. మోసం చేసేవి ఆత్మకథలు. నుడికారాలు ఒకరి ఇంట్లో పుట్టవు. కాలవలో నిలబడ్డవాళ్లు, కుండలో వేసినవాళ్లు, కోళ్లను పెంచినవాళ్లు అనగా అనగా అవి నిలిచాయి. డబ్బు ఎలా వస్తుందో వాళ్లు దగ్గర నుంచి చూశారు. చూసింది చూసినట్టు చెంచా అన్నారు, ఏరు అన్నారు, కుండ అన్నారు. ధనవంతుడి ప్రతిభ, దీక్ష, దూరదృష్టి అనే మాటలు ఒక్క సూత్రంలోనూ లేకపోవడం సూత్రకారుల మరుపు కాదు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను నియమంగా పారాయణ చేసినవారికి ధనప్రాప్తి లేదు. బ్యాంకు పరీక్షలో తొమ్మిదో సూత్రం వస్తే ‘సొంత కష్టంతో పైకి రావడం’ అన్న గడికే టిక్కు పెట్టాలి. ‘అసాధ్యం’ అన్న గడికి పెట్టిన విద్వాంసుడికి పావు మార్కు కోత పడుతుంది. సన్మానసభలో ఎవరైనా ‘నేనెవరి సాయమూ లేకుండా’ అని మొదలుపెడితే లేచి ‘కర్త ఎవరు?’ అని అడగవచ్చు గాని, భోజనాలు అయ్యేదాకా ఆగడం వివేకం.

చివరి శంక: ఇంతా రాసిన వ్యాఖ్యాత ఏ కారకం?

సమాధానం: రాసినవాడు గనుక కర్త. అతనికి దక్కే ఫలం ఏమిటో సిద్ధాంతంలో చెప్పే ఉన్నాం.